సముద్రతీరమున ప్రవాసి

ధర్మమార్గమున నడువగోరు గృహస్థుని మనస్సును తరచుగ బాధించు సందేహ మొకటి కలదు. ఘోరమైన పాపములను గూర్చి యతనికి సందేహ ముండదు. అవి త్యాజ్యములని శాస్త్రమును చెప్పును, అంతరాత్మయు చెప్పును. సందేహమెల్ల చిన్న సుఖములను గూర్చియే. వేసవి సాయంకాలమున చల్లనిగాలికి కూర్చుండుట, నీట మునిగి దేహతాపమును తీర్చుకొనుట, ఇసుకపై పిల్లల యాటలను చూచి సంతసించుట మొదలగువానియందు దోషమేమియు గోచరింపదు. అయినను వానియందు హృదయము వికసించు సమయముననే 'ఇదియు నొక బంధమే కదా!' యను శంక యొక మూలనుండి తల యెత్తును. కొందఱు ఆ శంకకు వెఱచి నిర్దోషమైన సంతోషమునుగూడ దూరము చేసికొని, శుష్కించిన మనస్సునే వైరాగ్యమని భ్రమించెదరు. మఱికొందఱు శంకను త్రోసివైచి, ఒక సుఖము వెంట మఱియొక సుఖమునకై పరుగులిడి, తుదకు దేనియందును తృప్తి గానక యలసిపోవుదురు. ఈ రెండింటికిని నడుమ సరియైన త్రోవ యేది?

స్వస్థలమును విడిచి పరప్రాంతమున జీవించువానికి ఈ ప్రశ్న మఱింత తీక్ష్ణమగును. నేడు కోల్‌కతా యని పిలువబడు కలకత్తా మహానగరమునందును దాని పరిసరములందును తరతరములుగ తెలుగు కుటుంబములు నివసించుచున్నవి. గార్డెన్ రీచ్ నందలి రైల్వే ప్రధాన కార్యాలయమును, ఖిదిర్‌పూర్ రేవును, హుగ్లీ తీరమందలి జనపనార మిల్లులును వారి పూర్వులకు జీవనాధారము కల్పించినవి. ఖరగ్‌పూర్ రైల్వే కర్మాగారము వెలసిన నాటినుండి ఆ పట్టణమున తెలుగు పలుకు వినవచ్చుచునే యున్నది. వైశాఖ జ్యేష్ఠ మాసములలో వంగదేశమున ఎండకంటె ఉక్క యెక్కువగ బాధించును. రెండు దినముల సెలవు లభించినచో ఈ కుటుంబములలో ననేకులు కలకత్తాకు సుమారు 185 కిలోమీటర్ల దూరముననున్న దీఘా తీరమునకు పోవుదురు.

అచ్చట వారనుభవించు సుఖము లెట్టివి? ఇసుక చదునుగను గట్టిగను ఉండును గనుక వృద్ధులు సయితము నీటి యంచున చాల దూరము నడువవచ్చును. సరుగుడు చెట్లమీదుగ వచ్చు గాలి చెవులకు వానచప్పుడువలె వినబడును. పిల్లలు చిన్న పీతల వెంట పరుగెత్తుదురు. ఒకరు కొబ్బరినీరు త్రాగుదురు. ఒకరు ఆవనూనెయు పచ్చిమిరపకాయ ముక్కలును కలిపిన మరమరాలు పొట్లమునుండి తిందురు. ఇందులో విలువగల వస్తు వొక్కటియు లేదు. ధనికునకును దరిద్రునకును ఆ గాలి యొక్కటియే, ఆ యల యొక్కటియే. ఇంత సులభమైన సుఖమునందుగూడ రెండు ముండ్లు దాగియున్నవి.

మొదటి ముల్లు పోలిక. అచ్చట హుగ్లీనది తెచ్చు ఒండ్రుచేత నీరు కలకగ నుండును. అది చూచి విశాఖపట్టణమునుండి వచ్చినవాడు 'మన భీమునిపట్నపు నీలిసముద్ర మెక్కడ, ఈ బురదనీ రెక్కడ!' యని నిట్టూర్చును. నిజమునకు రెండును ఒక్క బంగాళాఖాతమే. కాని కన్నులయెదుట నున్న సముద్రమును విడిచి అతడు జ్ఞాపకమందలి సముద్రమును చూచుచున్నాడు. అందుచేత రెండింటిని గోల్పోవుచున్నాడు. రెండవ ముల్లు అంతకంటె లోతైనది. 'ఊరిలో ముసలితల్లి ఒంటరిగ నుక్కపోతలో నుండగా నేనిచ్చట చల్లనినీట మునుగుట తగునా?' యను ప్రశ్న యది. తల్లి తలపు రానివానికిగూడ ఆ తీరముననే వేఱొక తలపు రావలెను. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే, 61 దినములు యంత్రపు పడవలపై వేట నిషిద్ధము. విహారమునకు వచ్చినవారికి ఏవి యానందదినములో, ఆ పడవలపై కూలిచేయు జాలరులకు అవియే చేతికి పని లేని దినములు. తోడిమానవుడు క్లేశపడుచుండ ఒకడు సుఖించుట ధర్మమేనా?

ఈ రెండవ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు సుఖమనగా నేమో విచారింపవలెను. తైత్తిరీయోపనిషత్తునందలి ఆనందమీమాంస ఈ విషయమున మిక్కిలి ధైర్యము గొలుపునది. ఆ విచారము బ్రహ్మానందముతో ప్రారంభము గాలేదు, మానుషానందముతో ప్రారంభమైనది. యౌవనము, సచ్చరిత్ర, విద్య, దేహబలము, సంపద గల మనుష్యుని యానందమును ఒక కొలతగ గ్రహించి, నూరురెట్ల చొప్పున పెంచుచు పైపైకి పోయినది. మనుష్యానందమును దాటిన ప్రతి మెట్టునందును ఆ యానందము కామముచే కొట్టబడని శ్రోత్రియునకుగూడ కలదని చెప్పినది. దీనినుండి రెండు సత్యములు తేలుచున్నవి. మానవుని చిన్న సంతోషము తృణీకరింపదగినది కాదు. అది మహానందముయొక్క కొలతలోనిదే. ఆ సంతోషమును క్షుద్రముగ చేయునది కామ మొక్కటియే. విద్యారణ్యస్వామి పంచదశి చివరి ప్రకరణమున విషయానందమును బ్రహ్మానందముయొక్క అంశముగనే నిరూపించినారు. కోరిక క్షణకాలము శాంతించినపుడు నిశ్చలమైన చిత్తమున ఆత్మానందము ప్రతిఫలించును. మనుజుడు అది వస్తువునుండి వచ్చినదని తలంచి మరల వస్తువుకొఱకే పరుగిడును.

సముద్రతీరమున జరుగున దిదియే. నీటి యంచున కాలు మోపినపుడు ఉద్యోగచింత, అప్పులచింత, పదోన్నతిచింత కొంతసేపు విడిపోవును. ఆ విరామమునందు లోపలి యానందము కొంచెము తొంగిచూచును. అంతవఱకు అది నిర్మలము. 'ఇది నాది కావలెను, మరల మరల కావలెను, ఇతరులకంటె నాకు మెండుగ కావలెను' అను తలంపు పుట్టిన క్షణముననే విరామము ముగిసి వ్యాపార మారంభమగును. యయాతి మహారాజు కుమారుని యౌవనమును అరువు పుచ్చుకొని వేయేండ్లు భోగించియు, భోగముచేత కోరిక చల్లారదని కనుగొన్న కథ తెలుగువారికి సుపరిచితము. ఆయనకు కొదువయైనది భోగము గాదు; చాలుననుకొని లేచిపోవు శక్తి.

దీఘా తీరమునకు ఈ విషయమున ఆసక్తికరమైన చరిత్ర కలదు. పదునెనిమిదవ శతాబ్దిలో ఆ ప్రాంతము బీర్‌కుల్ అను పేర ప్రసిద్ధమై యుండెను. స్వదేశమునకు వేలమైళ్ల దూరమున, కలకత్తా వేసవికిని జ్వరములకును తాళలేక యుండిన ఆంగ్లేయు లచ్చటికి సముద్రపుగాలికై పోవుచుండిరి. గవర్నరు జనరలైన వారన్ హేస్టింగ్సు 1780లో తన భార్యకు వ్రాసిన లేఖయందు దానిని 'ప్రాచ్యదేశపు బ్రైటన్' అని వర్ణించెనని ప్రసిద్ధి. బ్రైటన్ ఇంగ్లండు దక్షిణతీరమందలి విహారనగరము. ఆ పోలికయందు హాస్యాస్పదమైన దేమియు లేదు. ప్రవాసి హృదయవేదన యందున్నది. అయినను విచారింపదగిన యంశ మొకటి కలదు. ఎదుటనున్న తీరమునకు దాని స్వంతపేరు చాలలేదు. దూరముననున్న మఱియొక తీరపు పేరు తగిలించిననే గాని అది ప్రియము గాలేదు. ఆ కాలమున నచ్చట వెలసిన బంగళాలు నేడు లేవు. ఆ తీరమును అలలు కోసివేయుచునే యున్నవి. రాళ్లతో కట్టలు కట్టి దానిని కాపాడుకొనవలసివచ్చినది. 'నాది' యని కట్టిన గోడను సముద్రము ఎఱుగదు.

అదే తీరమునకు 1923లో జాన్ ఫ్రాంక్ స్నెయిత్ అను ఆంగ్లవర్తకుడు వచ్చి, దాని సౌందర్యమునకు ముగ్ధుడై యచ్చటనే స్థిరపడెను. స్వాతంత్ర్యానంతరము ఆయన పశ్చిమ వంగ ముఖ్యమంత్రియైన డాక్టరు బిధాన్ చంద్ర రాయ్‌కి దీఘాను జనులందఱకు విహారస్థలముగ చేయుమని వ్రాసెను. ఏకాంతమును ప్రేమించి వచ్చినవాడు తన యేకాంతమునందు ఇతరులకు పాలు పంచగోరెను. సుఖము ఒకని చేతిలో బిగుసుకొనునప్పుడు భోగమగును, పదిమందికి పంచబడునప్పుడు ప్రసాదమగును అనుటకు ఇది చక్కని యుదాహరణము.

కలకత్తాకు వచ్చిన ఆంగ్లేయుల కథ యిట్లుండగా, కలకత్తానుండి విదేశమునకేగిన ఒక మహాపురుషుని కథ ఈ ప్రశ్నపై మఱింత వెలుగును ప్రసరింపజేయును. 1863 జనవరి 12వ తేదీన ఆ నగరమందలి సిమ్లా ప్రాంతమున జన్మించిన నరేంద్రనాథుడు, స్వామి వివేకానందుడై, 1892 డిసెంబరులో కన్యాకుమారియొద్ద సముద్రమధ్యమందలి శిలపై కూర్చుండి భారతదేశపు దీనజనులను గూర్చి ధ్యానించెను. 1893 ఫిబ్రవరిలో సికిందరాబాదు మహబూబ్ కళాశాలయందు తన పాశ్చాత్యదేశ యాత్రోద్దేశమును గూర్చి ప్రసంగించెను. ఆ సంవత్సరము మే 31వ తేదీన బొంబాయిలో ఓడ నెక్కెను. ఆగస్టునాటికి చేతిలోని ధనము వేగముగ తరిగిపోవుచుండెను. విశ్వమత మహాసభయందు ప్రవేశించుటకు అధికారపత్రము లేకుండెను. అట్టి సంకటమున, ఆగస్టు చివర, హార్వర్డు విశ్వవిద్యాలయమున గ్రీకుభాషాచార్యుడైన జాన్ హెన్రీ రైట్ ఆయనను ఆనిస్క్వామ్ అను సముద్రతీర గ్రామమునకు అతిథిగ పిలిచెను. అది మాసచూసెట్సు రాష్ట్రమున అట్లాంటిక్ తీరమునందున్నది. వేసవిలో పట్టణవాసులు వచ్చి విశ్రమించు ప్రదేశము. స్వామీజీ మహాసభకు పోవుటకు తోడ్పడిన పరిచయలేఖలు ఆ యాచార్యుడు వ్రాసినవే.

మరుసటి వేసవియందు, అనగా 1894 జూలై మాసాంతమున, ఆయన మెయిన్ రాష్ట్రమందలి ఎలియట్ గ్రామమున పిస్కాటక్వా నదీతీరముననున్న గ్రీనేకర్ అను స్థలమునకు పోయెను. కుమారి సారా ఫార్మర్ ఏర్పాటు చేసిన ధర్మగోష్ఠులు ఆ యేట నచ్చట జరిగినవి. వచ్చినవారిలో ననేకులు గుడారములలో నుండిరి. స్వామీజీ ప్రతిదినము ఒక దేవదారువృక్షము క్రింద భారతీయ పద్ధతిని కూర్చుండి వేదాంతమును బోధించుచుండెను. ఒకరాత్రి అందఱితో కలిసి ఆ చెట్టు క్రిందనే నేలపై, నక్షత్రములను చూచుచు నిదురించెను. పెనుగాలి వీచి గుడారములను కూల్చినది. ఈ విశేషములను ఆయన తన్నాదరించిన హేల్ కుటుంబపు కన్యలకు బాలునివలె నుత్సాహముతో వ్రాసెను. పిదప ఆ వేసవిలోనే మరల ఆనిస్క్వామ్ చేరి, బ్యాగ్లీ కుటుంబమున నతిథియై సముద్రతీరమున కొన్ని దినములు గడపెను.

ఇచ్చట నిలిచి ఆ కఠినప్రశ్నను ఆయనకే వేయవలెను. కన్యాకుమారి శిలపై దేశముకొఱకు తపించిన సన్న్యాసికి, కోట్లకొలది జనులు అన్నము లేక యుండ, అట్లాంటిక్ తీరమున ఉల్లాసమెందులకు? కరుణ గలవానికి నవ్వు తగునా? ఈ యాక్షేపమునకు 'ఆయన మహాత్ముడు గనుక ఆయనకు తగును' అనుట సమాధానము గాదు. అది ప్రశ్నను తప్పించుకొనుట. ఆయన నడవడియందే సమాధానమును వెదకవలెను. గ్రీనేకర్‌నందలి యానందమునకు ఆయన యెవ్వరి కూడును హరింపలేదు. నేలయు చెట్టునీడయు చాలినవి. ఆ కాలముననే మదరాసునందలి అళసింగ పెరుమాళ్ మున్నగు శిష్యులకు దేశసేవకై లేవుడని జాబులు వ్రాయుచునే యుండెను. సముద్రము ఆయనను మఱపింపలేదు. మఱుసటి దినపు పనికి సేదదీర్చినది. ఎల్లప్పుడును బిగించియుంచిన వింటినారి తెగిపోవును. తెగిన నారితో దీనుల కేమి మేలు జరుగును?

అయినను 'సేద తీర్చుకొనుచున్నాను' అను మాట సోమరికిని చక్కగ నుపయోగపడును. కనుక ఒక పరీక్ష యావశ్యకము. ఆ పరీక్ష 1898లో కలకత్తాయందే జరిగినది. ఆ వసంతమున స్వామీజీ దేహారోగ్యముకొఱకు దార్జిలింగు పర్వతములపై విశ్రమించుచుండెను. అప్పుడు కలకత్తాలో ప్లేగు పొడసూపినదను వార్త వచ్చెను. ఆయన వెంటనే కొండదిగి మే 3వ తేదీకి కలకత్తా చేరి, భయభ్రాంతులైన జనులకు ధైర్యము చెప్పు ప్రకటనను సిద్ధము చేయించెను. సేవకు ధనమెచ్చటనుండి వచ్చునని ఒక సోదరసన్న్యాసి యడుగగా, అవసరమైనచో మఠముకొఱకు కొన్న భూమిని అమ్మివేయుదమనెను. బేలూరున గంగాతీరమునందలి ఆ భూమి యా సంవత్సరముననే లభించినది. గురుదేవుని పేర నొక శాశ్వతస్థానము కావలెనని ఆయన యేండ్లతరబడి కోరిన కోరికకు అది ఫలము. అమ్మవలసిన యవసరము కలుగలేదు. కాని ఒక్క వాక్యముతో దానిని విడుచుటకు మనస్సు సిద్ధపడినది. దేవదారు క్రింద నిదురించి ఉదయమున దానిని విడిచి పోగలిగినవాడే గంగాతీరభూమినిగూడ విడువగలడు.

నిర్దోషసుఖమునకు పరీక్ష ఇందున్నది. సుఖమున ప్రవేశించునపుడు దాని స్వరూపము తెలియదు. ప్రవేశించునపుడు అన్నియు తీయగనే యుండును. లేచిపోవలసివచ్చినపుడు తెలియును. కర్తవ్యము పిలిచిన క్షణమున సణుగుకొనక లేవగలిగినచో ఆ సుఖము సేవకు సోదరి. లేవలేక సాకులు వెదకినచో, అది యెంత చిన్నదైనను, ఇసుకపై పిడికెడు మరమరాలే యైనను, సంకెలయే.

ఈ యభ్యాసమునకు ప్రవాసజీవనము మంచి పాఠశాల. శ్రీరామకృష్ణ పరమహంసదేవులు గృహస్థభక్తులకు ధనికుని యింటి దాసిని ఆదర్శముగ చూపుచుండిరి. ఆమె యజమాని బిడ్డలను తన బిడ్డలవలె పెంచును, ఆ యింటిని తన యిల్లనియే చెప్పును. కాని తన సొంతయిల్లు దూరముననున్న పల్లెయందున్నదని ఆమె హృదయమునకు తెలియును. అట్లు తెలియుటచేత ఆ బిడ్డలయెడ ఆమె ప్రేమ తగ్గదు. అధికారము మాత్రమే తగ్గును. కలకత్తాలోని తెలుగువానికి దీఘా తన యూరు కాదు. హూస్టనులోనో దుబాయిలోనో నివసించు తెలుగువానికి సమీపమందలి తీరముగూడ అట్టిదే. అతనికి ఆ యిసుకపై హక్కు లేదను నెఱుక సులభముగ కలుగును. స్వగ్రామమున నున్నవానికి ఈ యెఱుక దుర్లభము. అతడు 'మా సముద్రము' అను మాటయందే చిక్కుకొనును. నిజమునకు ఆరంభములేని ఈ యాత్రలో అందఱును ప్రవాసులే. వేఱొక ప్రాంతమున జీవించువానికి ఆ సత్యము వీథివీథినను జ్ఞప్తికి వచ్చుచుండును.

కావున సాధకుడు సముద్రతీరమునకు పోవుట మానవలసిన పని లేదు. అతడు పోవు విధము మాత్రము మారవలెను. ఆ తీరమును దాని పేరనే, దాని రంగుననే స్వీకరింపవలెను. కలకనీటిని నీలినీటితో పోల్చి దుఃఖింపరాదు. సముద్రమునకు వెరవక, దానిని చులకన చేయక, పోటు సమయమున పెద్దల హెచ్చరికను పాటింపవలెను. తల్లి జ్ఞాపకము వచ్చినచో దానిని పాపభీతిగ మార్చుకొని కుమిలిపోక, ఆ సాయంకాలమే ఆమెతో మాటలాడి, మరుసటి సెలవు ఆమెకొఱకు వినియోగింపవలెను. వేట లేని దినములలో కొబ్బరికాయలో, గవ్వలదండలో యమ్ముకొను జాలరి కుటుంబముతో గీచిగీచి బేరమాడక న్యాయమైన వెల నొసగవలెను. తాను తినిన పొట్లపు కాగితమును ఇసుకపై విడువక తనతో తీసికొనిపోవలెను. ఇవి చిన్న విషయములుగ తోచవచ్చును. అతిథి యిట్లే నడచుకొనును. యజమాని ననుకొనువాడు ఇట్లు నడచుకొనడు.

భగవద్గీత రెండవ యధ్యాయము స్థితప్రజ్ఞుని వర్ణించుచు సముద్రమునే యుపమానముగ గ్రహించినది. ఎన్ని నదులు వచ్చి చేరినను అది గట్టు దాటదు. అట్లే కామములు వచ్చి చేరినను చలింపనివాడు శాంతిని పొందును. నదులను రావలదని సముద్రము నిషేధింపదు, వచ్చినవానికై వెంపరలాడదు. తీరమున కూర్చుండినవాడు ఆ చల్లనిగాలితోపాటు ఈ పాఠమును గూడ గ్రహించినచో, సెలవు ముగిసి రైలెక్కునపుడు అతనికి పోగొట్టుకొన్నదేమియు నుండదు. అతని పనిస్థలము, అతని యింటివారు, అతని సాయమునకై యెదురుచూచు పొరుగువాడు అతనిని కొంత ప్రసన్నుని గను, కొంత బలవంతుని గను తిరిగి పొందుదురు. సుఖము సార్థకమైనదనుటకు ఇంతకంటె వేఱు ప్రమాణ మక్కరలేదు.